మీకు తెలుసా? ముసలిదైంది ఫోన్ కాదు, బ్యాటరీ!

పొద్దున్నే నిండా చార్జింగ్ పెట్టిన ఫోన్ మధ్యాహ్నం భోజనాల వేళకే ఎర్ర గీత చూపిస్తోందా? పవర్ బ్యాంకు లేనిదే గడప దాటలేకపోతున్నారా? అయితే కొత్త ఫోన్ల ఆఫర్లు వెతికే ముందు ఈ ముచ్చట్లు చదవండి. ఒక్క బ్యాటరీ కోసం ఫోన్ మొత్తాన్ని వదిలించుకోవడమంటే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

500 దాటితే గీత దగ్గరపడినట్టే

ఫోన్‌లో ప్రాసెసర్, మెమరీ లాంటివి ఏళ్ల తరబడి వాడినా పెద్దగా అరగవు. వాడిన కొద్దీ కచ్చితంగా అరిగేది బ్యాటరీ. ఆ అరుగుదలకు కొలత ‘చార్జ్ సైకిల్’. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్ కింద లెక్క. ఐఫోన్ 14, అంతకు ముందు మోడళ్ల బ్యాటరీలు 500 సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకొనేలా తయారయ్యాయని, ఐఫోన్ 15 నుంచి అదే 80 శాతం 1000 సైకిళ్ల దాకా ఉంటుందని ఆపిల్ చెబుతోంది. రోజుకో సైకిల్ ఖర్చు చేసేవారికి 500 అంటే ఏడాదిన్నర కూడా నిండదు. 80 శాతానికి పడిందంటే బ్యాటరీ పనికిరాకుండా పోయిందని కాదు, మార్చే ఆలోచన మొదలుపెట్టాలని.

మీది ఎంతకొచ్చిందో చూసుకోవడం తేలికే. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి బ్యాటరీ హెల్త్ చూడండి. శాంసంగ్‌లోనైతే శాంసంగ్ మెంబర్స్ యాప్‌లోని డయాగ్నస్టిక్స్ చెబుతుంది.

30 శాతం ఉండగానే ఆరిపోతుందెందుకు?

బ్యాటరీలో లిథియం అయాన్లు ఒక కొస నుంచి రెండో కొసకు వెళ్లి వస్తుంటేనే కరెంటు పుడుతుంది. వాడిన కొద్దీ గ్రాఫైట్ ఉన్న వైపు ఒక పలుచని పొర పేరుకుంటుంది. కొంత లిథియం ఆ పొరలోనే చిక్కుకుపోతుంది. అందుకే సామర్థ్యం తగ్గుతుంది. దాంతోపాటు లోపలి నిరోధం కూడా పెరుగుతుంది. మనం కెమెరా తెరిచినప్పుడో, గేమ్ మొదలుపెట్టినప్పుడో ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ముసలి బ్యాటరీ అంత ఇవ్వలేక వోల్టేజీ కిందకి జారుతుంది. ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ఠక్కున ఆగిపోతుంది. చార్జర్ తగిలించగానే మళ్లీ 25, 30 శాతం కనబడుతుంది. ఫోన్ పాడైందని మనం అనుకునేది చాలాసార్లు ఇక్కడే.

‘స్లో అయిన’ ఫోన్ బ్యాటరీ మార్చగానే పరుగెత్తింది

ఇలా ఆరిపోకుండా ఉండాలని ఆపిల్ 2017 జనవరిలో ఒక అప్‌డేట్ తెచ్చింది. బ్యాటరీ నీరసించిన ఐఫోన్ 6, 6ఎస్ లాంటి ఫోన్లలో ప్రాసెసర్ వేగాన్ని అది తగ్గించేది. ఆ సంగతి జనానికి స్పష్టంగా చెప్పలేదు. కొత్త బ్యాటరీ వేస్తే పాత ఫోన్ మునుపటి వేగం అందుకుంటోందని వాడకందార్లే పసిగట్టారు. డిసెంబరులో గుట్టు రట్టయింది. కంపెనీ క్షమాపణ చెప్పి, వారంటీ దాటిన బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు దించింది.

తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. ఏడాదికి 10 నుంచి 20 లక్షలు ఉండే మార్పిళ్లు 2018లో కోటీ 10 లక్షలకు చేరాయని అమెరికా టెక్ రచయిత జాన్ గ్రూబర్ రాశారు. 2019 జనవరిలో అమ్మకాల అంచనాను తగ్గిస్తూ మదుపరులకు రాసిన లేఖలో ఆపిల్ సీఈఓగా టిమ్ కుక్ చెప్పిన కారణాల్లో ఈ చవక బ్యాటరీలు కూడా ఒకటి. బ్యాటరీ మార్చుకుంటే జనం కొత్త ఫోన్ కొనడం వాయిదా వేస్తారని కంపెనీ అధిపతే లిఖితపూర్వకంగా ఒప్పుకున్నట్టయింది.

రెంటచింతల ఎండ ఫోన్‌కీ పడదు

పరిసరాల వేడి 35 డిగ్రీలు మించితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినొచ్చని ఆపిల్ హెచ్చరిస్తుంది. రెంటచింతల, రామగుండంలో వేసవి నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. వేడికి నిండు చార్జింగ్ కూడా తోడైతే నష్టం మరీ ఎక్కువ. లిథియం బ్యాటరీని 40 డిగ్రీల వేడిలో నిండా చార్జ్ చేసి ఏడాది పాటు వాడకుండా ఉంచితే 65 శాతం సామర్థ్యమే మిగులుతుందని, 40 శాతం చార్జ్‌తో ఉంచితే 85 శాతం మిగులుతుందని ‘బ్యాటరీ యూనివర్సిటీ’ వెబ్‌సైట్‌లోని పట్టిక చెబుతుంది. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద, దిండు కింద చార్జింగ్ పెట్టే అలవాటుంటే ఇప్పుడే మానుకోండి. కొత్త బ్యాటరీ వేయించాక కూడా ఈ జాగ్రత్త తప్పదు.

ఒకప్పుడు ఇది బొటనవేలి పని

2007 ఆగస్టులో నోకియా ఒక ప్రకటన చేసింది. 2005 డిసెంబరు, 2006 నవంబరు మధ్య మత్సుషితా కంపెనీ తయారు చేసిన బీఎల్-5సీ బ్యాటరీలు చార్జింగ్‌లో వేడెక్కవచ్చని, కావాలంటే ఉచితంగా మార్చి ఇస్తామని చెప్పింది. అలాంటివి 4.6 కోట్లు! నోకియా 1100 వాడేవాళ్లంతా వెనక మూత జార్చి, బ్యాటరీ తీసి, దాని మీది నంబరు చూసుకున్నారు. మెకానిక్‌తో పని పడలేదు. అదే ఇప్పుడైతే నంబరు చూడాలన్నా ఫోన్ విప్పాలి. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌కే వెనక మూత తెరుచుకునే వీలు లేదు. గెలాక్సీ ఎస్ వరసలో ఊడదీసే బ్యాటరీ 2014 నాటి ఎస్5తో ఆగిపోయింది.

బ్యాటరీ మార్చడానికి 36 కిలోల సామాను

2022లో ఆపిల్ అమెరికాలో ‘మీ ఫోన్ మీరే బాగు చేసుకోండి’ అనే పథకం పెట్టింది. అడిగినవారికి 49 డాలర్ల అద్దెకు పనిముట్లు ఇంటికి పంపింది. పెట్టెలు తూచి చూస్తే 36 కిలోలు!

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ లాంటి చోట ఇదే పనిని బల్ల మీద చిన్న చిన్న పనిముట్లతో చేసేస్తారు. ముందు ఫోన్‌ను వేడి పలక మీద పెట్టి జిగురు మెత్తబడనిస్తారు. పలుచని ప్లాస్టిక్ పిక్కును అంచు వెంట నెమ్మదిగా పోనిచ్చి మూత లేపుతారు. లోపల మొట్టమొదట చేసే పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. ఆ తర్వాత అడుగున ఉన్న జిగురు పట్టీని మెల్లగా లాగుతారు. అది తెగితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేసి కాసేపు ఆగుతారు. లోహపు మొనతో పొడిచి లేపబోతే అక్కడే ఆపమనండి. బ్యాటరీ మెత్తటి సంచికి చిల్లు పడితే మంటలు లేవొచ్చు. 2024లో వచ్చిన ఐఫోన్ 16లో జిగురు తీరే మారింది. 9 వోల్టుల కరెంటును ఒకటిన్నర నిమిషం తగిలిస్తే చాలు, దానంతట అదే పట్టు వదులుతుంది.

‘ఒరిజినలే సార్’ అంటే లేబుల్ చూడండి

మన దేశంలో అమ్మే ఫోన్ బ్యాటరీకి భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద ఐఎస్ 16046 అనే ప్రమాణం, ‘ఆర్’ అక్షరం తర్వాత 8 అంకెల నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ తయారీదారుదో, ఏ వస్తువుదో తెలుస్తుంది.

ఇంకో రెండు చూడండి. ఒకటి, తయారీ తేదీ. బ్యాటరీ వాడకపోయినా వయసు పైబడుతుంది. నాలుగేళ్ల కిందటి మోడల్‌కి నాలుగేళ్ల కిందటే తయారైన ‘కొత్త’ బ్యాటరీ వేయించుకుంటే లాభం తక్కువ. రెండు, సామర్థ్యం తెలిపే ఎంఏహెచ్ అంకె. కంపెనీ 4000 అని ముద్రించిన చోట అదే సైజులో 6000 అని రాసి ఉంటే సంతోషించకండి, అనుమానించండి. ఐఫోన్ ఎక్స్ఎస్, ఎక్స్ఆర్, ఆ తర్వాతి మోడళ్లలో బయటి బ్యాటరీ వేస్తే అది అసలుదని నిర్ధారించలేకపోతున్నానని ఫోనే చెప్పేస్తుంది.

మొదటిసారి 8 గంటలు పెట్టాలా?

అక్కర్లేదు. అది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. లిథియం బ్యాటరీకి ఆ సేవలు అవసరం లేదు. కొత్త బ్యాటరీ పెట్టగానే 30 శాతమే చూపించిందని దుకాణదారుతో గొడవకీ దిగకండి. విడి లిథియం అయాన్ బ్యాటరీలను విమానంలో పంపాలంటే చార్జ్ 30 శాతం మించకూడదన్న నిబంధన 2016 ఏప్రిల్ నుంచి ఉంది.

97 ఏళ్ల వయసులో నోబెల్

సెల్‌ఫోన్ బ్యాటరీల్లో నేటికీ విరివిగా వాడే లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడ్ఇనఫ్ బృందం వెలుగులోకి తెచ్చింది. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని అంగట్లో పెట్టింది. స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలతో కలిసి గుడ్ఇనఫ్ 2019లో నోబెల్ అందుకున్నప్పుడు ఆయన వయసు 97. అంత పెద్ద వయసులో నోబెల్ పొందినవారు మరొకరు లేరు.

ఫోన్ ఇచ్చేముందు

బ్యాటరీ మార్చినంత మాత్రాన ఫొటోలు, కాంటాక్టులు పోవు. అయినా బ్యాకప్ తీసుకునే ఇవ్వండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇచ్చే అలవాటు మాత్రం వద్దు. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. అవి ఆన్ చేస్తే మెకానిక్ ఫోన్ పనితీరు చూడగలడు గానీ మీ ఫొటోలు, మెసేజీలు చూడలేడు. ఒకసారి విప్పిన ఫోన్‌కి నీళ్లను తట్టుకునే గుణం మునుపటిలా ఉంటుందని నమ్మొద్దు. అంచున కొత్త సీలు వేయమని అడగండి. వేసినా సరే, వానలో తడపకండి.

ఉబ్బితే చార్జింగ్ పెట్టకండి

వెనక మూత కాస్త లేచిందా? తెర అంచు నుంచి వెలుతురు కనిపిస్తోందా? లోపలి ద్రావణం విచ్ఛిన్నమై గ్యాసు చేరిందన్నమాట. ఇక చార్జింగ్ పెట్టకండి, మూతను నొక్కి సర్దకండి. మండే వస్తువులేవీ లేనిచోట గచ్చు మీద ఉంచి, వీలైనంత త్వరగా సర్వీస్ సెంటర్‌కి చేర్చండి. తీసేసిన పాత బ్యాటరీని చెత్తబండిలో వేయకూడదు. చెత్తను అదిమే యంత్రంలో అది నలిగితే నిప్పు పుడుతుంది. పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి.

ఒక్క యూనిట్ కరెంటుతో 40 చార్జింగులు

5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్ అవర్లు. చార్జర్‌లో పోయేది కూడా కలుపుకుంటే 24, 25 అనుకోండి. అంటే ఒక యూనిట్ కరెంటుతో ఫోన్‌ను 40 సార్లు నింపవచ్చు. ఏడాదంతా రోజూ నింపినా 9 యూనిట్లే. చార్జింగ్ తగ్గించి భూమికి చేసే మేలు అంతంతమాత్రమే. ఫోన్ జీవితకాలంలో వెలువడే కర్బన ఉద్గారాల్లో దాదాపు 80 శాతం తయారీ దశవేనని ఆపిల్ తన నివేదికల్లో లెక్క చూపుతుంది. ఉన్న ఫోన్‌ను ఇంకో రెండేళ్లు వాడితే కొత్తదాని తయారీ అన్నాళ్లు వాయిదా పడినట్టే.

చట్టం కూడా మీ వైపు కదులుతోంది

2025 జూన్ 20 నుంచి ఐరోపా యూనియన్‌లో కొత్తగా మార్కెట్లోకి వచ్చే ఫోన్ బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం నిలవాలి. మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా ఏడేళ్లు విడిభాగాలు దొరకాలి. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. కంపెనీల సర్వీస్ వివరాలు అక్కడ ఒకేచోట చూసుకోవచ్చు.

మరి ఎప్పుడు మార్చకూడదు?

బ్యాటరీ కొత్తదైనా ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతే బ్యాంకు యాప్‌లు, యూపీఐ వాడేవారికి అది క్షేమం కాదు. తెర పగిలి, చార్జింగ్ పిన్ను వదులై, మదర్‌బోర్డు కూడా మొరాయిస్తుంటే ఖర్చులన్నీ కూడుకుని మొదటికే మోసం. కానీ 2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కి 2023 జనవరిలో కూడా సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది. గెలాక్సీ ఎస్24, పిక్సెల్ 8లకు ఏడేళ్ల అప్‌డేట్ల మాట ఇచ్చారు. అలాంటి ఫోన్ ఏడేళ్లూ నడవాలంటే మధ్యలో ఒకసారైనా బ్యాటరీ మార్చక తప్పదు. కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది ఈ మధ్యదే అయి, తెర బాగుండి, చార్జింగ్ ఒక్కటే నిలవకపోతే మీకు కావాల్సింది కొత్త ఫోన్ కాదు, కొత్త బ్యాటరీ.