చలిసీమలో ద్రాక్ష తోట

అమెరికాలో కాపురముండు మన రైతుబిడ్డలలో కొందరు పెరటి నేలలో ద్రాక్ష వేయగోరి, ఏ రకము మంచిదని వ్రాసి యడుగుచుందురు. మంచి తోట ముప్పదియేండ్లు నిలుచును. రకము తప్పినచో ఆ తప్పును అన్నియేండ్లు నిలుచును. కావున ప్రశ్న తగినదే.

మన హైదరాబాదు ప్రాంతమున అనాబ్-ఎ-షాహి తీగ చలికాలమున నిద్రింపదు. ఏటికి రెండుమారులు కత్తిరించి మనమే దానిని చిగిర్పింతుము. చలిసీమలో ఋతువే యజమాని. అచ్చట రుచిని విచారించుటకు ముందు రెండు సంగతులు తెలిసికొనవలయును. కడు తీవ్రమైన చలికి మొగ్గలు బ్రతుకునా? వసంతకాలపు కడపటి గడ్డమంచునకును, శరత్కాలపు తొలి మంచునకును నడుమ పండు పక్వమగునా?

న్యూయార్కు రాష్ట్రములోని ఫింగర్ లేక్స్ సరస్సుల యొద్ద ఐరోపా జాతి ద్రాక్ష బ్రతుకదని చిరకాలము నమ్మిరి. ఒడెస్సాలో జన్మించి 1951లో అమెరికా చేరిన కాన్‌స్టంటిన్ ఫ్రాంకు దీనిని ఒప్పుకొనలేదు. కొమ్మను త్వరగా ముదురనిచ్చు వేరుమొక్క దొరకిన చాలునని ఆయన వాదము. చార్లెస్ ఫూర్నియే అను ద్రాక్షసారాయపు నిపుణుడు తోడుపడెను. కెనడాలోని క్వెబెక్కులో ఒక కన్యాస్త్రీల మఠపు తోటనుండి వేరుమొక్కలు తెచ్చి అంటుకట్టిరి. 1957 ఫిబ్రవరిలో చలి సున్నకు దిగువ 32 సెంటీగ్రేడు డిగ్రీల వరకు దిగెను. వారి రీస్లింగ్, షార్డొనే తీగలు బ్రతికి, ఆ యేడు కాచినవి. 1962లో ఫ్రాంకు సొంత ద్రాక్షసారాయపు శాలను స్థాపించెను.

ఇందు స్థలమునకును పాలు కలదు. అచ్చటి సెనెకా సరస్సు 600 అడుగులకు మించిన లోతు గలది; వేసవి వేడిని దాచుకొని చలిని మెత్తపరచును. చల్లని గాలి నీటివలె పల్లమునకు పారును. చెరువు క్రింది పల్లపు చేను వరికి మేలు గాని, ద్రాక్షకు గోతియే. దక్షిణముఖమై, నీరు నిలువని వాలు నేల శ్రేష్ఠము.

రీస్లింగ్ ఆలస్యముగా చిగిర్చును గనుక వసంతపు మంచును చాలవరకు తప్పించుకొనును. షార్డొనే ముందే చిగిర్చును. మంచు పడు తావున జాగ్రత్త. కాబెర్నే సావిన్యోను పేరు విని పలువురు ఆశపడుదురు. అది పండుటకు దీర్ఘమైన వేసవి కావలయును. కొద్దిపాటి వేసవిగల చోట దాని జోలికి పోవలదని నా అభిప్రాయము. ఇంకను కఠినమైన చలిగల సీమకు మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు 2006లో విడుదల చేసిన మార్కెట్ అను సంకరరకము తగియుండును.

వేళ్లను తొలుచు ఫిల్లాక్సెరా పురుగునకు వెరచి ఐరోపా రకములను అంటుమొక్కలుగానే కొనవలయును. నేల కరగి పదునెక్కిన పిమ్మట, వసంతమున నాటవలయును. అంటు నేలకు నాలుగైదు అంగుళములు పైగా నుండవలెను. శరత్తున దానిపై మన్ను ఎగదోసి కప్పి, వసంతమున మరువక తీసివేయవలయును. లేనిచో పై కొమ్మయే వేళ్లు వేయును, అంటు వ్యర్థమగును. ఒక్క మొదలు చలికి చచ్చినను రెండవది కాయునట్లు రెండు మొదళ్లు పెంచుట మంచిది.

మనవారికి ఎరువు మెండుగా వేయు నలవాటు కలదు. అచ్చట అదే హాని. ఎరువు మిక్కుటమైనచో తీగ శరత్తువరకు లేతగా పెరుగుచుండును. లేతకొమ్మ తొలి మంచునకే మాడిపోవును. మొదటి రెండేండ్లు పూగుత్తులను త్రుంచివేసి, వేళ్లను బలపడనీయవలయును. మూడవ యేట కొలదిగా కాయనీయవచ్చును.