వృద్ధులలో ఊపిరితిత్తి కుంచించుకుపోతే

కోవిడ్ వంటి వైరస్ వ్యాధి సోకిన వయోవృద్ధులలో ఒక్కొక్కసారి ఊపిరితిత్తి చిరిగి, గాలి ఛాతీలోనికి చేరి దానిని అణచివేస్తుంది. హఠాత్తుగా ఆయాసం హెచ్చి, ఛాతీలో ఒకవైపు నొప్పి పుడితే జ్వరపు నీరసమని ఉపేక్షించరాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

వైద్యులు మొదట పక్కటెముకల నడుమ గొట్టం అమర్చి, నీటి సీసా ద్వారా గాలిని వెలికి పంపుతారు. రోజులు గడిచినా సీసాలో బుడగలు ఆగకపోతే, చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చిరుగును మూసివేస్తారు. శస్త్రచికిత్సకు తాళలేనివారికి గొట్టం ద్వారా మందుపొడి గాని, వారి రక్తమే గాని ఎక్కించే పద్ధతులు కూడా ఉన్నాయి.

80 ఏళ్లు దాటాయన్న ఒక్క కారణంతో శస్త్రచికిత్స వద్దనుకోరాదు. గుండె బలం, రెండవ ఊపిరితిత్తి స్థితి, అన్నిటికంటె ముఖ్యంగా రోగి అభీష్టం తెలుసుకొని, వైద్యులతో చర్చించి నిర్ణయించుకోవాలి.