భూజలపు లెక్క: యంత్రము వ్రాసియిచ్చు పంక్తులు

మీ యూరి భూగర్భజలము ఇంకను ఎన్నియేండ్లు వచ్చునో కంప్యూటరు లెక్క కట్టినదని చెప్పి, యెవరైన ఒక కాగితమును మీ ముందుంచినారనుకొనుడు. యాసంగికి వరి వేయవలెనా, ఆరుతడి పైరు వేయవలెనా, క్రొత్త బోరు దింపవలెనా యని తేల్చుకొనవలసినవారు మీరు. కావున ఆ కాగితము మీది పంక్తులు యంత్రమునుండి యెట్లు వెలువడునో నేడు వివరింపదలచితిని.

హైదరాబాదునకు తూర్పున, హబ్సిగూడనుండి ఉప్పలునకు పోవు బాటలో, నాచారమునకు దక్షిణముగా జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ యున్నది. ఇది 1961లో స్థాపింపబడినది. ఉప్పలు, నాచారము ఒకప్పుడు చెరువులుగల పల్లెలు. నేడు మేడలతోను కార్ఖానాలతోను నిండి నగరములో కలిసిపోయినవి. ఈ సంస్థవారు ఫ్రెంచి భూగర్భ పరిశోధకులతో కూడి, నగరమునకు దక్షిణముననున్న మహేశ్వరము ప్రాంతమున, సుమారు 53 చదరపు కిలోమీటర్ల నేలలో, రాతి క్రింది నీటిని పరిశీలించిరి. అచ్చట వాడుకలోనున్న బోరుబావులే 700లకు మించియుండెను. వారు తేల్చిన యంశములలో ఒకటి మనకు ముఖ్యము. నీటిమట్టము ఎగుడుదిగుడగుచుండు పొరలో, నూరు పాళ్ల రాతికి సుమారు 1.4 పాళ్లు మాత్రమే తోడుకొనదగిన నీరు. అనగా మట్టము ఒక మీటరు దిగినచో మనకు దక్కునది 14 మిల్లీమీటర్ల నీరు. ఎకరమునకు లెక్కించిన సుమారు 57 వేల లీటర్లు. మన తెలంగాణపు రాతినేలలలో బావులు చప్పున నిండి చప్పున ఎండుటకు ఇదియే కారణము. వేపమండ పట్టినవాడును, కొబ్బరికాయ నిలిపినవాడును ఈ యంకెను చెప్పజాలరు.

ఇట్టి యంకెలను చేకొని, వానను, ఇంకుడును, తోడకమును నెలనెలకు కూడుచు తీసివేయుచు రాబోవు కాలమును యంత్రములో నడిపించి చూచుటకు సిమ్యులేషన్ అని పేరు. భూజలము కొరకు లోకమున మిక్కిలి వాడుకలోనున్నది మాడ్‌ఫ్లో యను క్రమణిక. అమెరికా దేశపు భూగర్భ సర్వేవారు 1984లో దానిని వెలువరించిరి. అది 1957 నాటి ఫోర్ట్రాన్ భాషలో వ్రాయబడినది. దానికి ఆజ్ఞలిచ్చుటకు ఇప్పుడు పలువురు 1991లో వెలువడిన పైథాన్ భాషను వాడుదురు. ఇట్లు యంత్రమునకు వరుసగా ఆజ్ఞలు వ్రాసియిచ్చు పత్రమును స్క్రిప్టు అందురు.

ఇచ్చట గ్రహింపవలసిన సంగతి యొకటి. యంత్రము ఎంత లెక్క వేసినను, వ్రాయుమని చెప్పనిదే ఒక్క యక్షరమును వ్రాయదు. ఆ యాజ్ఞకు పైథానులో ప్రింట్ అని పేరు. అది సాధారణముగా తెరమీద పంక్తిని చూపును. కోరినచో దస్త్రములో వ్రాయును. ప్రింట్ అను మాట పిదప కుండలీకరణములలో, కొటేషను గుర్తుల నడుమ "మట్టము" అని వ్రాసితిమా, మట్టము అను ఆ మాటనే యంత్రము తిరిగి వ్రాయును. గుర్తులు లేక మట్టము అని వ్రాసితిమా, ఆ పేరుగల పాత్రలో అప్పటికి నిలిచియున్న యంకెను వ్రాయును. చీటీమీది పేరు వేరు, కుండలోని ధాన్యము వేరు. రెంటిని కలిపి "మట్టము, మీటర్లలో" అను మాటలను, వాని ప్రక్కన అంకెను వ్రాయించుట మంచి పద్ధతి. కొలమానము లేని యంకె అడుగులో, మీటర్లో తెలియదు. నేలపైనుండి కొలిచిన లోతో, సముద్రమట్టమునుండి కొలిచిన యెత్తో కూడ తెలియదు.

ఈ యాజ్ఞను స్క్రిప్టులో నెచ్చట ఉంచిరన్నది అన్నిటికంటె ముఖ్యము. ఉదాహరణమునకు ఒక యూరిని కల్పించుకొందము. కార్తికమునకు ముందు, అక్టోబరు కడపట నీరు 10 మీటర్ల లోతున నున్నది. అటుపిమ్మట ఏడు నెలలు వాన లేదు. నెలకు 14 మిల్లీమీటర్ల నీరు తోడుచున్నారు. పై లెక్క ప్రకారము మట్టము నెలకొక మీటరు దిగును. మే కడపట, రోహిణికార్తెలో, 17 మీటర్లు. తరువాతి వానలకు ఇంకుడు, తోడకము పోను 98 మిల్లీమీటర్లు మిగిలి, మరల 10 మీటర్లకు వచ్చినదనుకొందము. యంత్రము పదియేండ్లును ఇట్లే నడిపినది. ప్రింట్ ఆజ్ఞ నెలలు తిరుగు ఆవృత్తికి వెలుపల, సంవత్సరపు చివర నున్నచో కాగితము మీద పది పంక్తులుండును. ప్రతి పంక్తియు 10 మీటర్లు, 10 మీటర్లు. చూచినవారు ఈ యూరికి కొదవ లేదందురు. అదే ఆజ్ఞను ఆవృత్తి లోపల నుంచినచో 120 పంక్తులు వచ్చును. అందు ప్రతి సంవత్సరమును ఫిబ్రవరి కడపట మట్టము 14 మీటర్లకు దిగుచున్నట్లు తెలియును. మీ మోటబావి 14 మీటర్ల లోతుదైనచో అది మార్చి మొదలుకొని ఎండినదన్నమాట. లెక్క యొక్కటే, యంత్రమొక్కటే, అబద్ధమెవ్వరును చెప్పలేదు. అయినను పది పంక్తుల కాగితమును నమ్మి యాసంగి వరి వేసిన చిన్నరైతు పొట్టదశలో పైరును పోగొట్టుకొనును. లోతైన బోరుగలవానికి ఆ భేదమే తట్టదు; కాగితము తెచ్చినవారు తరచుగా అతని యరుగు మీదనే కూర్చుందురు.

దశాంశముల సంగతియు చెప్పవలెను. యంత్రమును నిర్బంధింపకున్న 14.285714 అని బారుగా వ్రాయును. టేపు వదలి లోతు కొలుచునప్పుడు సెంటీమీటరు తేడా రానే వచ్చును గదా! చుక్క పిదప ఒక్క స్థానమే వ్రాయుమని ప్రింట్ ఆజ్ఞలోనే చెప్పవచ్చును. నా మట్టుకు నాకు, బారెడు దశాంశములుగల కాగితము మీద నమ్మకము తగ్గును.

మరియు యంత్రము తాను వ్రాయవలసిన పంక్తులను కొన్నింటిని తనయొద్ద కూడబెట్టి, ఒక్కమారు దస్త్రములో వేయు నలవాటు గలది. నడుమ విద్యుత్తు పోయినచో కడపటి పంక్తులు దక్కవు. కావున కాగితము ఏ నెలతో ముగిసినదో, ముగియవలసిన నెలతో ముగిసినదో చూచుకొనవలెను.

మాడ్‌ఫ్లో వ్రాయు దస్త్రములో జమాఖర్చుల పట్టిక యొకటి యుండును. లోనికి వచ్చిన నీరెంత, వెలుపలికి పోయినదెంత, నిలువలో మార్పెంత, కడపట రెంటికిని భేదము నూటికెన్ని పాళ్లు అని యందుండును. ఆ భేదము నూటికొక పాలునకు లోబడియుండవలెనని నిపుణులు కోరుదురు. ఏ నెలలకు ఈ పట్టిక అచ్చు కావలెనో కూడ ముందుగా ఆజ్ఞాపింపవలసినదే. అయినను పద్దు సరిపోయినంత మాత్రమున నిజమని తలంపరాదు. పూర్వపు పట్వారీ దస్త్రములోను కూడికలు సరిగానే యుండెడివి. కొలతలే ఒక్కొక్కచోట వేరుగా నుండెడివి. ఊరిలో 60 బోర్లుండగా యంత్రమునకు 40 అని చెప్పినచో, అది 40 బోర్ల పద్దునే చక్కగా సరిపెట్టి యిచ్చును. బోర్లసంఖ్య, రోజునకు ఎన్ని గంటలు మోటరు నడచునది, ఏ యేటి వాన తీసికొన్నది, రాతిపొరకు వేసిన పాలు, ఈ నాలుగింటిని కూడ కాగితము తలమీద అచ్చొత్తించుట స్క్రిప్టులో నాలుగు పంక్తుల పని. అవి లేకున్న అడుగుడు. తెచ్చినవారు మరునాడే వ్రాయించి తేగలరు. బోర్లసంఖ్యను మాత్రము మీరే పొలము గట్లమీద నడచి లెక్కించి, ఆ పంక్తి ప్రక్కన వ్రాసికొనుడు.