తుపాకీ చెక్కకు అవిసె నూనె ఎందుకు?

షాట్‌గన్ గొట్టం ఉక్కుదే అయినా, భుజానికి ఆనించే వెనక భాగం చాలావాటిలో అక్రోటు చెక్కే. తేలికగా పగలదు, పేలినప్పటి తన్నును ఓర్చుకుంటుంది. కానీ వానాకాలం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండలకు ముడుచుకుంటుంది. దాంతో లోహానికీ చెక్కకీ మధ్య బిగువు సడలుతుంది. ఆ తేమ రాకపోకలను నెమ్మదింపజేయడానికే నూనె.

కొబ్బరి నూనె రాస్తే? జిడ్డే మిగులుతుంది! అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. దాని అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టి పొరవుతాయి. అందుకే పాత పూత తీసి, ఉప్పుకాగితంతో రుద్ది, పలచగా రాస్తారు. అది గట్టిపడ్డాకే మరో పూత. తొందరపడి దట్టంగా పూస్తే పైన తోలు కడుతుంది, లోపల బంకగానే ఉంటుంది.

సొట్ట పడితే తడిగుడ్డ పరిచి, దానిమీద వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తారు. ఆవిరికి నొక్కుకుపోయిన నారలు ఉబ్బి లేస్తాయి. తెగిన నారలు మాత్రం లేవవు.

ఇదంతా లైసెన్సున్న పెద్దల పని, తూటాలు లేవని చూసుకుని చెక్కను విడదీశాకే. నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే, గట్టిపడేటప్పుడు పుట్టే వేడి బయటికి పోక, అగ్గిపుల్ల లేకుండానే అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెడతారు.