పెట్టె చవక.. మాటే ఖరీదు
వీడియో కాన్ఫరెన్స్‌ పరికరాల విపణి తీరిదీ

కొత్తపేట: ఇరవై ఏళ్ల కిందట ఒక్క గదికే కోటి రూపాయలు దాటిన వీడియో కాన్ఫరెన్స్‌ పరికరాలు నేడు చిన్న కార్యాలయానికి సైతం అందుబాటులోకి వచ్చాయి. కెమెరా, తెర ధరలు పడిపోయాయి. మాట స్పష్టంగా వినిపించేందుకు, లైను తెగకుండా ఉండేందుకు, ఏటా కట్టాల్సిన రుసుములకు అయ్యే ఖర్చు మాత్రం మిగిలే ఉంది. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా పెట్టె ధర చూసి కొంటే సొమ్ము వృథా అవుతుంది. కొన్నిచోట్ల మనిషి స్వేచ్ఛే ప్రశ్నార్థకమవుతుంది. ఇదెలాగో తెలియాలంటే కొత్తపేట నుంచి ఎల్బీనగర్‌ వెళ్లే దారిలోని రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాల ప్రాంగణాన్ని తలచుకుంటే చాలు. విచారణ ఖైదీని చర్లపల్లి వంటి కారాగారం నుంచి పోలీసు కాపలాతో ఇక్కడికి తీసుకురావాలా, తెరపై హాజరుపరచాలా అన్నది న్యాయస్థానాలకు నిత్యం ఎదురయ్యే ప్రశ్న.

చట్టంలో ముందడుగు మనదే

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల చివర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు సచివాలయం నుంచి జిల్లా కలెక్టర్లతో తెరపై సమీక్షలు జరపడంతో ఈ పరికరాలు సామాన్య పాఠకుల దృష్టికి వచ్చాయి. అనంతరం రాష్ట్ర ప్రభుత్వం 2001లో 31వ చట్టం ద్వారా క్రిమినల్‌ ప్రొసీజర్‌ కోడ్‌ 167వ సెక్షన్‌ను సవరించింది. నిందితుడిని మేజిస్ట్రేటు ఎదుట స్వయంగా గానీ, ఎలక్ట్రానిక్‌ వీడియో అనుసంధానం ద్వారా గానీ హాజరుపరిచే వీలు కల్పించింది.

సాక్ష్యం విషయంలో సుప్రీంకోర్టు 2003 ఏప్రిల్‌ 1న మహారాష్ట్ర ప్రభుత్వం, ప్రఫుల్‌ బి.దేశాయ్‌ కేసులో కీలక తీర్పు వెలువరించింది. అమెరికాలోని వైద్యుడి సాక్ష్యాన్ని వీడియో కాన్ఫరెన్స్‌ ద్వారా నమోదు చేయవచ్చని స్పష్టంచేసింది. కేంద్రం చేసిన సవరణ 2009 డిసెంబరు 31 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నిందితుడిని పోలీసు కస్టడీకి అప్పగించాలంటే మేజిస్ట్రేటు ఎదుట స్వయంగా నిలబెట్టాల్సిందే. జ్యుడీషియల్‌ కస్టడీ పొడిగింపునకు మాత్రం తెరపై హాజరు చాలు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత ఈ విధానాన్ని కొనసాగించడంతో పాటు, విచారణలను ఎలక్ట్రానిక్‌ పద్ధతిలో జరపడానికీ అవకాశమిచ్చింది.

ఆ విధంగా న్యాయస్థానాలు, కారాగారాలు ఈ పరికరాలకు పెద్ద కొనుగోలుదారులుగా మారాయి. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో 3,240 న్యాయస్థానాల ప్రాంగణాలకు, 1,272 కారాగారాలకు వీడియో కాన్ఫరెన్స్‌ సౌకర్యం సమకూరింది.

గదికి కోటి నుంచి..

తెరపై ముఖం చూస్తూ మాట్లాడాలన్న కోరిక పాతదే. అమెరికాకు చెందిన ఏటీ అండ్‌ టీ సంస్థ 1964లో న్యూయార్క్‌ ప్రపంచ ప్రదర్శనలో ‘పిక్చర్‌ఫోన్‌’ను ప్రదర్శించింది. 1970లో పిట్స్‌బర్గ్‌లో వాణిజ్య సేవ ప్రారంభించినా జనం ఆదరించలేదు. ధర ఎక్కువ, అవతల మాట్లాడేందుకు అలాంటి యంత్రమే ఉన్నవారు తక్కువ. ఈ విపణిని చాలాకాలం పీడించిన చిక్కు ఇదే.

1990లలో ఐఎస్‌డీఎన్‌ టెలిఫోన్‌ లైన్లలోని ఛానళ్లు ఆరింటిని కలిపి 384 కేబీపీఎస్‌ వేగంతో సమావేశాలు జరిపేవారు. ఒక సంస్థ పరికరం మరో సంస్థ పరికరంతో మాట్లాడేందుకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్‌ సమాఖ్య హెచ్‌.320, ఆ తర్వాత ఇంటర్నెట్‌ తరహా లైన్ల కోసం 1996లో హెచ్‌.323 ప్రమాణాలను రూపొందించింది. పాలీకామ్‌, పిక్చర్‌టెల్‌, నార్వేకు చెందిన టాండ్‌బర్గ్‌ ఆనాటి ప్రధాన సంస్థలు. పిక్చర్‌టెల్‌ను పాలీకామ్‌ 2001లో కొనుగోలు చేసింది.

తదుపరి ఘట్టం ‘టెలిప్రెజెన్స్‌’. అంటే మనిషి దూరాన ఉన్నా బల్లకు అవతల కూర్చున్నట్లే కనిపించే ఏర్పాటు. రెండుచోట్లా ఒకే రంగు గోడలు, ఒకే తీరు బల్ల, మనిషి నిజపరిమాణంలో కనిపించే తెరలు, కళ్లలోకి చూస్తున్నట్లు అమర్చిన కెమెరాలు, ఎవరు మాట్లాడితే వారి వైపు నుంచే వినిపించే శబ్దం దీని ప్రత్యేకతలు. హెచ్‌పీ 2005 డిసెంబరులో ‘హేలో’ గదులను ఒక్కొక్కటి 5.5 లక్షల డాలర్లకు విపణిలోకి తెచ్చింది. నెలవారీ సేవా రుసుము 18 వేల డాలర్లు అదనం. సిస్కో 2006 అక్టోబరులో మూడు 65 అంగుళాల తెరలతో విడుదల చేసిన టెలిప్రెజెన్స్‌ 3000 ధర 2.99 లక్షల డాలర్లు. నాటి మారకపు విలువలో ఇది కోటీ 30 లక్షల రూపాయలకు పైమాటే. అంత సొమ్ము పెట్టలేనివారికి గంటల లెక్కన అద్దెకిచ్చేలా టాటా కమ్యూనికేషన్స్‌ 2008లో తాజ్‌ హోటళ్లలో ఇలాంటి గదులను ఏర్పాటుచేసింది.

చేతులు మారిన సంస్థలు

విమాన ప్రయాణ ఖర్చు మిగులుతుందన్న ఆశతో పెద్ద కంపెనీలు ఈ గదులు కట్టించుకున్నాయి. ఆ ఊపులో 2009 డిసెంబరులో లాజిటెక్‌ 40.5 కోట్ల డాలర్లతో లైఫ్‌సైజ్‌ సంస్థను సొంతం చేసుకుంది. 2010లో సిస్కో 300 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి టాండ్‌బర్గ్‌ను దక్కించుకుంది. కానీ కంప్యూటర్‌, సెల్‌ఫోన్‌ కెమెరాలు మెరుగుపడి, ఇంటర్నెట్‌ వేగం పెరగడంతో గది విలువ తరిగిపోయింది. హేలో వ్యాపారాన్ని హెచ్‌పీ 2011లో పాలీకామ్‌కు కేవలం 8.9 కోట్ల డాలర్లకు వదులుకుంది. హైదరాబాద్‌లోనూ పరిశోధన విభాగం నడిపిన పాలీకామ్‌ 2018లో ప్లాంట్రానిక్స్‌ చేతికి వెళ్లింది. ఉమ్మడి సంస్థ ‘పాలీ’ పేరుతో కొనసాగి, 2022లో హెచ్‌పీ గూటికే చేరింది. లైఫ్‌సైజ్‌ 2023లో దివాలా ప్రక్రియకు వెళ్లగా, దాని ఆస్తులను ఎంగ్‌హౌస్‌ కొనుగోలు చేసింది.

కరోనా కాలం ఈ మార్పును ఒక్కసారిగా ముందుకు నెట్టింది. జూమ్‌ సేవలో రోజువారీ హాజరు 2019 డిసెంబరులో కోటి ఉండగా, 2020 మార్చికి 20 కోట్లకు, ఏప్రిల్‌కు 30 కోట్లకు పెరిగింది. సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌ 6న దేశంలోని న్యాయస్థానాలన్నీ వీడియో కాన్ఫరెన్స్‌ను వినియోగించేలా ఆదేశాలిచ్చింది. అదే నెలలో జూమ్‌ భద్రతపై కేంద్ర హోంశాఖ హెచ్చరిక జారీచేసింది. దేశీయ అప్లికేషన్‌ కోసం కేంద్ర ఐటీ శాఖ నిర్వహించిన పోటీలో కేరళకు చెందిన టెక్‌జెన్షియా విజేతగా నిలిచింది. హైదరాబాద్‌ సంస్థ పీపుల్‌లింక్‌ తుది వరుసలో నిలిచింది.

టెలిప్రెజెన్స్‌ ఆలోచన మాత్రం అంతరించలేదు. గూగుల్‌ సాంకేతికతతో, ప్రత్యేక కళ్లద్దాలు లేకుండానే మనిషి రూపం త్రిమితీయంగా కనిపించే ‘హెచ్‌పీ డైమెన్షన్‌’ పరికరాన్ని 2025లో ప్రకటించారు. దాని ధర 24,999 డాలర్లు. సాఫ్ట్‌వేర్‌ లైసెన్సు ఖర్చు దీనికి అదనం.

తక్కువ లైనులో బొమ్మ ఎలా పడుతుంది?

నేటి సాధారణ హెచ్‌డీ చిత్రంలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. సెకనుకు 30 చిత్రాల చొప్పున యథాతథంగా పంపాలంటే సెకనుకు దాదాపు 149 కోట్ల బిట్లు ప్రయాణించాలి. అంత లైను సాధారణ కార్యాలయాలకు ఉండదు. అందుకే ‘కోడెక్‌’ అనే భాగం ముందు చిత్రానికీ తర్వాతి చిత్రానికీ మధ్య మారిన అంశాన్నే పంపుతుంది. వెనుక గోడ కదలదు కనుక దాన్ని మళ్లీ మళ్లీ పంపదు. ఈ పొదుపుతో 20 నుంచి 40 లక్షల బిట్లతోనే పని గడుస్తుంది. ఒకప్పుడు దీనికి ప్రత్యేక యంత్రం కావాల్సి వచ్చేది. నేడు సెల్‌ఫోన్‌లోని చిప్‌ ఆ పని చేస్తోంది. పెట్టె చవక కావడానికి అసలు కారణం ఇదే.

శబ్దం విషయంలో ఇంత వెసులుబాటు లేదు. బొమ్మ ఒక క్షణం ఆగినా చూసేవారు సర్దుకుంటారు. మాటలో ఒక్క ముక్క పోతే అర్థమే మారుతుంది. ఒకవైపు నుంచి మాట చేరేందుకు 150 మిల్లీసెకన్లు మించకపోతే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. అంతకు మించితే ఒకరి మాటకు మరొకరు అడ్డుతగలడం మొదలవుతుంది. స్పీకరులో వచ్చిన మాట మళ్లీ మైకులోకి చేరితే ప్రతిధ్వని పుడుతుంది. గ్రానైటు నేల, అద్దాల గోడలు, ఖాళీ పైకప్పు ఉన్న మన గదుల్లో ఈ బెడద మరీ ఎక్కువ.

న్యాయస్థానం నేర్పే పాఠం

కంపెనీ సమావేశంలో మాట వినబడకపోతే మళ్లీ ఫోన్‌ చేసుకోవచ్చు. రిమాండు ఖైదీకి ఆ వీలు లేదు. తనను కొట్టారనో, వైద్యం అందలేదనో, న్యాయవాది దొరకలేదనో మేజిస్ట్రేటుకు చెప్పుకొనేందుకు అతడికి ఉన్న సమయం ఆ కొద్ది నిమిషాలే. తెరపై ముఖం కనిపించి, మాట వినిపించకపోతే హాజరు నమోదవుతుంది, గోడు నమోదు కాదు. గదిలో పక్కన ఎవరు నిలబడ్డారో కెమెరా చూపకపోతే అతడు స్వేచ్ఛగా మాట్లాడుతున్నదీ లేనిదీ న్యాయమూర్తికి తెలియదు. పోలీసు కస్టడీకి స్వయంగా హాజరుపరచాలన్న నిబంధనను చట్టం వదల్లేదు. కుటుంబ వివాదాల్లోనూ సుప్రీంకోర్టు 2017 అక్టోబరు 9న జాగ్రత్త పాటించింది. రాజీ యత్నాలు విఫలమయ్యాక, ఇరుపక్షాలూ కోరితేనే వీడియో కాన్ఫరెన్స్‌ను పరిశీలించాలని మెజారిటీ తీర్పులో పేర్కొంది.

ఖర్చు లెక్కలూ ఇదే చెబుతాయి. కేంద్ర మంత్రివర్గం 2023 సెప్టెంబరులో రూ.7,210 కోట్లతో ఆమోదించిన ఈ-కోర్టుల మూడో దశలో వీడియో కాన్ఫరెన్స్‌ ఏర్పాట్లకు సుమారు రూ.228 కోట్లు కేటాయించారు. లైన్ల అనుసంధానానికి దాదాపు రూ.209 కోట్లు, సౌర విద్యుత్తుకు సుమారు రూ.230 కోట్లు ప్రత్యేకించారు. లైన్లు, కరెంటు ఇతర అవసరాలకూ ఉపయోగపడేవే అయినా, పెట్టె ఒక్కటే సరిపోదన్న సంగతిని ఈ కేటాయింపులు గుర్తుచేస్తున్నాయి.

కొనేముందు చూడాల్సినవి

కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్‌ పరిసరాల్లోని శిక్షణ సంస్థలు, ఆసుపత్రులు, న్యాయవాదుల కార్యాలయాలు, వ్యాపారులు ఈ అనుభవం నుంచి గ్రహించాల్సినవి ఉన్నాయి.

మాట: దుకాణంలో బొమ్మ చూసి తృప్తిపడరాదు. పరికరాన్ని సొంత గదిలోనే పెట్టించి, అన్నింటికంటే దూరపు కుర్చీలో కూర్చొని మెల్లగా మాట్లాడి చూడాలి. ఫ్యాను తిరుగుతుండగా, రోడ్డు వైపు కిటికీ తెరిచి పరీక్షించడం మేలు. దళసరి పరదాలు, తివాచీ పరిస్తే తక్కువ ఖర్చుతోనే ప్రతిధ్వని తగ్గుతుంది.

గది: నలుగురైదుగురు కూర్చొనే గదికి కెమెరా, మైకు, స్పీకరు ఒకే పట్టీలో ఉన్న ‘వీడియో బార్‌’ సరిపోతుంది. పెద్ద హాలుకు బల్లపై లేదా పైకప్పునకు విడి మైకులు తప్పనిసరి.

లైను: ప్రకటనల్లో కనిపించేది దిగుమతి వేగమే కావచ్చు. మన బొమ్మ, మాట అవతలివారికి చేరేది ఎగుమతి వేగంపైనే. రెండో సంస్థ నుంచి మరో లైను, కరెంటు పోయినా ఆగని ఇన్వర్టరు లేదా యూపీఎస్‌ ఉండాలి.

ఏటా ఖర్చు: పెట్టె ధరతో పాటు సాఫ్ట్‌వేర్‌ లైసెన్సు, నిర్వహణ రుసుములను ఐదేళ్లకు లెక్కగట్టి పోల్చాలి. రుసుము ఆపితే పరికరం పనిచేస్తుందా, లేదా అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

పొత్తు: హెచ్‌.323, ఎస్‌ఐపీ వంటి ఉమ్మడి ప్రమాణాలు పాటించే పరికరం లేదా ఏ కంప్యూటర్‌కైనా యూఎస్‌బీ తీగతో కలిసే పరికరం మంచిది. సంస్థలు ఎలా చేతులు మారాయో పైన చూశాం. ఒకే కంపెనీ సేవకు కట్టుబడిన యంత్రం ఆ సేవ ఆగిన రోజున అలంకారంగా మిగిలిపోతుంది.

భద్రత: పరికరంతో వచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటిరోజే మార్చాలి. పిలవనివారు చొరబడకుండా నిరీక్షణ గది సదుపాయం వాడాలి. సమావేశం ముగిశాక కెమెరాకు మూత వేయాలి.

లక్షలు పోసి తెర పెద్దది కొనాలా, వేలతో మైకు మంచిది కొనాలా అన్న సందేహం వస్తే రెండోదే మేలు. దూరాన ఉన్న మనిషి ఏం చెప్పాడో పూర్తిగా వినిపించినప్పుడే ఆ సమావేశానికి, ఆ వాయిదాకు విలువ.