మీకు తెలుసా? బొడ్డులో గట్టి గడ్డ

కడుపులో దాగిన క్యాన్సర్ ఒక్కోసారి మొదట బొడ్డులో చిన్న గట్టి గడ్డగా బయటపడుతుంది. దీన్ని వైద్యులు ‘సిస్టర్ మేరీ జోసెఫ్ గడ్డ’ అంటారు. ఆమె అమెరికాలోని రోచెస్టర్‌లో డాక్టర్ విలియం మేయోకు ఆపరేషన్లలో ఏళ్ల తరబడి సాయపడిన నర్సు. ఆపరేషన్‌కు ముందు రోగుల పొట్ట శుభ్రం చేస్తూ, బొడ్డులో గడ్డ చేతికి తగిలినవాళ్లకు లోపల క్యాన్సర్ ముదిరి ఉంటోందని కనిపెట్టింది ఆవిడే. 1928లో మేయో దాని గురించి రాశారు. ఆమె పేరు పెట్టింది మాత్రం 1949లో ఇంగ్లండ్ సర్జన్ హామిల్టన్ బెయిలీ; అప్పటికి ఆమె కన్నుమూసి పదేళ్లు.

బొడ్డు హెర్నియా సాధారణంగా మెత్తగా ఉండి, పడుకుంటే లోపలికి పోతుంది. ఈ గడ్డ పోదు. ఒక్కోసారి పుండుపడి రసి కారుతుంది. మూలం జీర్ణాశయం, పెద్దపేగు, క్లోమం, ఆడవాళ్లలో అండాశయం కావచ్చు.

లోపలి క్యాన్సర్ ఒక్కోసారి చర్మం మీద కూడా ఆనవాలు చూపిస్తుంది. మెడ నల్లబడటం ఎక్కువమందిలో షుగర్, అధిక బరువు వల్లే. కానీ నడివయసు దాటాక ఉన్నట్టుండి మెడ, చంకలు నల్లగా మందమెక్కి, అరచేతులు గరుకుబారి, బరువు కూడా తగ్గుతుంటే జీర్ణాశయాన్ని పరీక్షించాల్సిందే.

నంబులపూలకుంట చుట్టుపక్కలవాళ్లు బొడ్డులో ఇలాంటి గడ్డకు ఆకుపసరు కట్టుకుని నెలలు గడపొద్దు. దగ్గర్లోని పీహెచ్‌సీలోనో, కదిరి ఏరియా ఆసుపత్రిలోనో చూపించుకోండి. స్కానింగ్, సూదితో చేసే పరీక్షతో సంగతి తేలుతుంది.