చంపావతి సంగమం దాకా ఓ పూట నడక

భోగాపురం: భోగాపురం పేరు చెబితే ఇప్పుడు ఎవరికైనా విమానాశ్రయమే గుర్తుకొస్తుంది. 2023 మే నెలలో దానికి శంకుస్థాపన జరిగిన తర్వాత ఈ ఊరి పేరు ఢిల్లీ దాకా వినపడింది. కానీ విమానంతోనూ, కారుతోనూ పని లేకుండా కాలినడకన చూడదగ్గ చోటు ఈ మండలంలోనే ఉంది. ముక్కాం ఒడ్డున బయలుదేరి, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని ఉత్తరంగా నడిస్తే కోనాడ వద్ద చంపావతి నది సముద్రంలో కలిసే తావు వస్తుంది. తిరుగుదారిలో ఎండ ముదిరితే సరుగుడు తోపుల నీడ పట్టవచ్చు. కొండ ఎక్కేది లేదు, దిగేది లేదు. పదేళ్ళ పిల్లవాడు మొదలు అరవై ఏళ్ళ పెద్దాయన వరకూ నడవగలిగిన దారి.

విజయనగరం జిల్లాకున్న సముద్రతీరం మొత్తం 28 కిలోమీటర్లే. అదీ భోగాపురం, పూసపాటిరేగ మండలాలలోనే ఉంది. గజపతినగరం వైపు వారు చంపావతిని రోజూ చూస్తారు. దాని నీటితో పొలాలు తడుపుకొంటారు. ఆ నీరు చివరకు చేరేది ఎక్కడికో చూసినవారు మాత్రం తక్కువ. బొబ్బిలి, సాలూరు వైపు పల్లెల్లో అసలు సముద్రమే చూడని పిల్లలు ఇంకా ఉన్నారు. బడి పిల్లలను తీసుకురావాలనుకునే మాస్టార్లకు ఇంతకన్నా తక్కువ ఖర్చుతో అయ్యే యాత్ర లేదు. విజయనగరం నుంచి గాని, విశాఖ నుంచి గాని బస్సులో భోగాపురంలో దిగితే, అక్కడి నుంచి ముక్కాంకు ఆటోలు దొరుకుతాయి.

తిథి చూసి బయలుదేరాలి

అయితే ఈ నడకకు ముందు చూసుకోవలసింది బస్సు వేళ కాదు, సముద్రం వేళ. సముద్రానికి రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. నేడు పోటు వచ్చిన వేళకు రేపు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పాటు సమయంలో నీరు వెనక్కు తగ్గి, తడి ఇసుక గట్టిపడి సిమెంటు గచ్చులా ఉంటుంది. దాని మీద నడిస్తే అలుపే తెలియదు. పోటులో ఆ గట్టి ఇసుక నీటిలో మునిగిపోతుంది. మిగిలింది పైనున్న పొడి ఇసుక. అందులో పాదం దిగబడిపోయి, గంటలో నడిచే దారికి రెండు గంటలు పడుతుంది. అందుకే జాలరులను ఈ దారి ఎంత దూరమని అడిగే కంటే, రేపు పాటు ఎన్నింటికని అడగడం మేలు.

ఇందుకు గోడ మీది క్యాలెండరు కూడా పనికొస్తుంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర నీరు బాగా ఎక్కుతుంది, అంతే బాగా దిగుతుంది. అష్టమి, నవమి రోజుల్లో ఈ ఎక్కడం దిగడం రెండూ తక్కువ. పిల్లలతో వచ్చేవారికి ఆ రోజులే అనుకూలం. మన జనం మాత్రం కార్తీక పౌర్ణమికే బండ్లు కట్టుకుని తీరానికి వస్తారు. స్నానం పుణ్యమే గాని, ఆ రోజు సముద్రం మామూలుగా ఉండదని తెలుసుకుని దిగాలి.

నెలల విషయానికొస్తే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటినప్పుడు సరుగుడు తోపులు ఎలా నేలకొరిగాయో ఇక్కడివారు మరచిపోలేదు. ఏప్రిల్ దాటితే ఇసుక పెనంలా కాలుతుంది.

అలలు లేనిచోటే గండం

ఈ తీరంలో ప్రాణాలు పోయేది నడకలో కాదు, నడక మధ్యలో స్నానానికి దిగినప్పుడు. ఏటా ఉత్తరాంధ్ర తీరంలో ఎక్కడో ఒకచోట విహారానికి వచ్చిన కుర్రాళ్ళు మునిగిపోయారన్న వార్త పత్రికల్లో వస్తూనే ఉంది. చెరువులో ఈత వచ్చినవారే ఎక్కువగా మోసపోతారు. ఒడ్డుకు కొట్టిన నీరు ఏదో ఒక సందు చూసుకుని వెనక్కు పారుతుంది. ఆ సందులో అలలు విరగవు. అటూ ఇటూ నురుగు ఉండి, నడుమ మాత్రం నీరు నిమ్మళంగా, కాస్త బురద రంగులో కనిపిస్తుంది. తెలియనివారు అదే మంచి చోటని దిగుతారు. అది మనిషిని లోపలికి లాగేస్తుంది. చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదరాదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయ దాటాకనే ఒడ్డుకు తిరగాలి. ఋషికొండలో మాదిరి ఈ తీరం పొడవునా కాపలా ఈతగాళ్ళు ఉండరు. ఆపద వస్తే 112కు ఫోను చేయవలసిందే.

సంగమం దగ్గర జాగ్రత్త ఇంకా అవసరం. ఇసుక మేట వేసినప్పుడు నది మోకాలి లోతే అనిపిస్తుంది. నీరు, ఇసుక కలిసి ఆ మేటను ఎప్పటికప్పుడు మారుస్తుంటాయి. నిరుడు దాటిన చోటు ఈ ఏడు దాటవచ్చని నమ్మరాదు. దాటి కోనాడ వెళ్ళాలన్న పట్టుదల పెట్టుకోక, ఇవతలి ఒడ్డునే చద్ది విప్పి, పక్షులను చూసి వెనుదిరగడం ఉత్తమం.

జనవరి నుంచి మార్చి దాకా తెల్లవారుజామున ఇసుక మీద ట్రాక్టరు చక్రం నడిచినట్టు జాడ కనిపిస్తే, అది రాత్రి గుడ్లు పెట్టి వెళ్ళిన ఆలివ్ రిడ్లే తాబేలుది. ఒక్కో గూటిలో సుమారు నూరు గుడ్లు ఉంటాయి. పిల్లలు బయటపడడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. తవ్వడం, గుడ్లు తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రాత్రి మంటలు వేసినా, లైట్లు పెట్టినా పిల్లలు ఆ వెలుగును చూసి సముద్రం అటే ఉందనుకుని ఊరి వైపు పోతాయి.

తోపుల్లోనూ పొయ్యి వెలిగించరాదు. ఎండిన సరుగుడు ఆకు అగ్గిపుల్ల తగిలితే చాలు అంటుకుంటుంది. సముద్రపు గాలిని, ఇసుకను ఆపి పొలాలను కాసేది ఆ చెట్లే. తినేది ఇంట్లోనే వండి తెచ్చుకోవాలి. నీళ్ళు మనిషికి రెండు లీటర్లకు తగ్గకూడదు. చెప్పులు విప్పవద్దు. రావణాసురుడి మీసమని పిల్లలు ఆడుకునే ముళ్ళబంతులు గాలికి దొర్లుతూ ఇసుకంతా ఉంటాయి.

బ్రిటన్‌లోని వేల్స్‌లో 2012లో తీరమంతా కలుపుతూ 1,400 కిలోమీటర్ల కాలిబాట తెరిచారు. అక్కడ దారి పొడవునా గుర్తులుంటాయి. ఇక్కడ అంత అక్కరలేదు. ముక్కాం వద్ద ఒకటి, సంగమం వద్ద ఒకటి హెచ్చరిక బోర్డులు పెద్ద అక్షరాలతో ఉంటే చాలు. విమానాశ్రయం వల్ల కొత్తవారు పెరిగే ముందే పంచాయతీలు ఈ పని చేయడం మంచిది. వచ్చేవారు కూడా ఎండబెట్టిన వలలను తొక్కరాదు. చేపలు ఆరబోసిన చోట పక్కగా నడవాలి. అది వారికి కళ్ళం వంటిది.

తెల్లవారుతుండగా నడక మొదలుపెట్టినవారు ఎండ ముదరకముందే ముక్కాం తిరిగి రావచ్చు. వేటకు వెళ్ళిన పడవలు ఒడ్డుకు చేరే వేళ కూడా ఇంచుమించు అదే. సంచి వెంట ఉంటే ఆ పూట కూరకు లోటుండదు. బేరం మాత్రం గట్టిగానే సాగుతుంది.